వియ్యపురాలికి ఒకలా, మనవడికి ఒకలా: కొరియన్‌లో గుడ్‌నైట్ చెప్పడం ఎలా?

ప్రశ్న: మా అబ్బాయి దక్షిణ కొరియాలో సువన్ అనే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడు. కోడలు అక్కడి అమ్మాయే, పుట్టిల్లు బూసాన్. నాలుగేళ్ల మనవడున్నాడు. రోజూ వీడియో కాల్ చేసుకుంటాం. నాకు కొరియన్ రాదు, కోడలికి తెలుగు కొద్దికొద్దిగా వస్తుంది. కొరియన్ సీరియల్స్ చూసి 'చల్ జా' అంటే గుడ్‌నైట్ అని నేర్చుకుని, మనవడికీ కోడలికీ అదే చెబుతున్నాను. పోయిన నెల వియ్యపురాలు వాళ్లింటికి వచ్చినప్పుడు ఆవిడకీ 'చల్ జా' అన్నాను. ఆవిడ నవ్వి తల వంచారు, ఏమీ అనలేదు. తర్వాత మావాడు 'అమ్మా, అది ఆవిడని నువ్వు పడుకో అన్నట్టు ఉంటుంది' అన్నాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. కోడలితో ఆ మాట అనాలన్నా భయమేస్తోంది. ఎవరితో ఏమనాలి? పిల్లాడికి ముద్దుగా చెప్పడానికి ఇంకేమైనా మాటలున్నాయా? కోడలు పొద్దున్నే ఏదో మెసేజ్ పెడుతుంది, దానికి ఏమని జవాబివ్వాలి?
తెనాలి నుంచి ఒక నానమ్మ

సమాధానం:

నానమ్మ గారూ, ముందు వియ్యపురాలి సంగతి చూద్దాం, మీ దిగులంతా అక్కడే ఉంది కాబట్టి. ఆవిడ మనసు కష్టపెట్టుకుని ఉండరు. కొత్తగా కొరియన్ మాట్లాడేవాళ్లు ఇలా అనడం అక్కడివాళ్లకు వింతేమీ కాదు. నవ్వి తల వంచారంటే, వాళ్ల భాషలో మాట్లాడడానికి మీరు ప్రయత్నించినందుకు మర్యాద చేశారనే అనుకోండి. క్షమాపణలు చెప్పుకోవాల్సినంత పని జరగలేదు. మీ అబ్బాయి చెప్పింది మాత్రం నిజమే. ఈసారి ఆవిడ కనిపించినప్పుడు సరైన మాట చెప్పండి, సరిపోతుంది. కోడలికీ మనవడికీ మీరు చెబుతున్న 'చల్ జా' విషయంలో అయితే ఏ తప్పూ లేదు. దయచేసి దాన్ని ఆపకండి.

కొరియన్‌లో నిద్రపోవడానికి రెండు క్రియలున్నాయి. మొదటిది 'చాదా'. పిల్లలు, స్నేహితులు, తోబుట్టువులు, భార్యాభర్తల విషయంలో, మన గురించి మనం చెప్పుకునేటప్పుడు వాడేది ఇదే. రెండోది 'చుముసిదా'. పెద్దవాళ్ల నిద్ర గురించి మాట్లాడేటప్పుడు దీన్నే వాడతారు. మనకూ ఇలాంటి పద్ధతి ఉంది కదా. పిల్లాడిని 'తిను' అంటాం, ఇంటికొచ్చిన వియ్యంకుడిని 'భోజనానికి లేవండి' అంటాం. పెద్దాయన ఎవరైనా పోతే 'కాలం చేశారు' అంటాం. కొరియన్లకు తినడం, ఉండడం, నిద్రపోవడం, చనిపోవడం లాంటి కొన్ని పనులకు పెద్దల కోసం విడిగా మాటలున్నాయి. మిగతా వాటికి క్రియలోనే గౌరవాన్ని తెలిపే ముక్క ఒకటి చేరుస్తారు.

'చల్' అంటే బాగా, 'జా' అంటే పడుకో. దీని చివర 'యో' చేరిస్తే 'చల్ జాయో' అవుతుంది. ఈ 'యో' చేసే పని దాదాపు మన 'అండి' చేసే పనే. అందుకే తెలుగువాళ్లు ఇక్కడ పొరబడడానికి ఎక్కువ అవకాశం ఉంది. 'పడుకోండి' అంటే మనకు మర్యాద సరిపోతుంది కాబట్టి, 'చల్ జాయో' అంటే పెద్దవాళ్లకూ సరిపోతుందని అనిపిస్తుంది. సరిపోదు. క్రియ మారకుండా 'యో' ఒక్కటే చేర్చి అత్తగారితోనో వియ్యపురాలితోనో అంటే ఇంకా వెలితిగానే ఉంటుంది. ఒకరినొకరు మీరు అనుకునే భార్యాభర్తలు, వయసులో పెద్ద తేడా లేని సహోద్యోగులు, కొత్తగా పరిచయమైన కుర్రవాళ్లు 'చల్ జాయో' అనుకుంటారు.

మీ వియ్యపురాలికి చెప్పాల్సిన మాట 'అన్న్యొంగి జుముసెయో'. 'ప్రశాంతంగా నిద్రపోండి' అని అర్థం. ఇందులోని 'జుముసెయో' పైన చెప్పిన 'చుముసిదా' నుంచి వచ్చిందే. మొదటి మాట 'అన్న్యొంగ్' మీరు సీరియల్స్‌లో వేలసార్లు విని ఉంటారు, పలకరింపులో వచ్చేది అదే. ముందు ఆవిడను పిలవాలి. కొరియన్‌లో పెద్దవాళ్లను 'మీరు' అనడానికి మనకున్నట్టు సులువైన మాట లేదు, వరసతోనే పిలుస్తారు. డిక్షనరీలో 'మీరు' కోసం వెతికితే 'తంగ్‌షిన్' అని కనిపిస్తుంది. దాన్ని మాత్రం వియ్యపురాలి మీద వాడకండి. భార్యాభర్తల మధ్య అది పరవాలేదు, బయటివాళ్లతో అంటే దెబ్బలాటకు దిగినట్టుంటుంది.

ఇక్కడ మీకో మంచి వార్త. వియ్యంకుడు, వియ్యపురాలు అన్న వరస కొరియన్లకూ ఉంది. వియ్యాలవారిని 'సాదోన్' అంటారు. తల్లులు ఇద్దరూ ఒకరినొకరు 'సబుయిన్' అని పిలుచుకుంటారు. కాబట్టి 'సబుయిన్, అన్న్యొంగి జుముసెయో' అనండి, ఆవిడ ముఖం ఎలా వెలుగుతుందో చూడండి. వియ్యంకుడు గారు పక్కన ఉంటే ఆయన్ని 'సాదోన్ ఒరున్' అని పిలవాలి. 'ఒరున్' అంటే పెద్దవారు. ఒకవేళ ఆవిడే ముందుగా మీకు చెబితే, 'నే, సబుయిన్‌దోయో' అంటే చాలు, 'సరేనండి, మీరు కూడా' అని. 'నే' అంటే అవును, సరే. 'దో' అంటే కూడా.

ఆవిడ మీకంటే వయసులో చిన్నవారైనా ఇదే పద్ధతి. కొరియాలో ఎవరిని ఎలా సంబోధించాలన్నది చాలావరకు వయసును బట్టే ఉంటుంది, అందుకే కొత్తగా కలిసినవాళ్లు పుట్టిన సంవత్సరం అడుగుతారు. వియ్యాలవారి దగ్గర ఆ లెక్క పనిచేయదు. ఎన్నేళ్ల చుట్టరికమైనా ఇద్దరూ గౌరవ వాచకంలోనే మాట్లాడుకుంటారు. వియ్యాలవారి ఇల్లు ఎంత దూరంగా ఉంటే అంత మంచిదని అక్కడ ఒక పాత సామెత కూడా ఉంది. ఆ చుట్టరికంలో మాట ఎంత జాగ్రత్తగా వాడతారో దాన్ని బట్టే తెలుస్తుంది. మీ ఇద్దరి మధ్య దూరం తెనాలి నుంచి బూసాన్ వరకూ ఉంది కాబట్టి ఆ సామెత గురించి మీరు బెంగపడక్కర్లేదు.

చుసోక్ పండుగకో చాంద్రమాన కొత్త సంవత్సరానికో వీడియో కాల్‌లో కోడలి తరఫు పెద్దవాళ్లు ఇంకా చాలామంది కనిపించవచ్చు. ఎవరు ఏ వరసో తెలియనప్పుడు 'అన్న్యొంగి జుముసెయో' అంటే ఎవరి దగ్గరా తప్పు పోదు.

ఇక కోడలు. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. భయంతో మీరు ఆ అమ్మాయికి కూడా 'జుముసెయో' అనడం మొదలుపెడితే, అది మర్యాదలా కాకుండా దూరంలా వినిపిస్తుంది. నిన్నటిదాకా 'పడుకో అమ్మా' అన్న అత్తగారు ఇవాళ 'తమరు విశ్రమించండి' అంటే మన కోడళ్లకు ఎలా ఉంటుందో ఊహించండి. ఏం తప్పు చేశానా అనుకుంటారు. ఆ అమ్మాయి మిమ్మల్ని 'ఒమొనిమ్', అంటే అత్తయ్యా అని పిలిచి, మీకు 'జుముసెయో' అని చెబుతుంది. మీరు 'చల్ జా' అని జవాబిస్తారు. ఇద్దరి మాటలూ ఒకలా లేకపోవడంలోనే అక్కడి అత్తాకోడళ్ల వరస ఉంది. ఈ మధ్య కొందరు అత్తలు కోడలితో కూడా 'యో' చేర్చి మాట్లాడుతున్నారు, అదీ బాగానే ఉంటుంది. కానీ మీరు ఇప్పటికే చనువుగా మొదలుపెట్టారు, అలాగే ఉండనివ్వండి.

ఆ 'చల్ జా'ను ఇంకాస్త మెత్తగా చెప్పాలనుకుంటే 'చల్ జార్యొమ్' అనవచ్చు. పెద్దవాళ్లు చిన్నవాళ్లతో ఆప్యాయంగా అనే తీరు అది. కోడలిని పేరుతో పిలవడం ఇప్పుడు మామూలే. పాతకాలం అత్తలైతే 'ఆగా' అని పిలిచేవారు, పసిపాపను పిలిచే మాటే అది. మన 'అమ్మాయ్' ఎంత దగ్గరగా ఉంటుందో 'ఆగా' కూడా అంతే. మీ నోట ఆ మాట వింటే ఆ అమ్మాయి ఆశ్చర్యపోతుంది, తప్పుగా మాత్రం అనుకోదు.

కోడలి విషయంలో నిద్ర మాట కన్నా ముందు రావాల్సిన మాట ఒకటుంది. 'ఓనుల్దో కోసెంగ్ మనస్సొ.' అంటే 'ఇవాళ కూడా చాలా కష్టపడ్డావు' అని. కొరియన్లు దగ్గరివాళ్లకు గుడ్‌నైట్ చెప్పేటప్పుడు దీన్ని ముందు పెట్టడం చాలా మామూలు. పగలంతా ఆఫీసులోనో పిల్లాడితోనో అలసిపోయిన మనిషికి, 'నీ శ్రమ నాకు కనిపించింది' అని చెప్పే మాట ఇది. చిన్నవాళ్లకు, సమాన వయసువాళ్లకు నిక్షేపంగా చెప్పొచ్చు, పెద్దవాళ్లకు చెప్పకూడదు. 'ఓనుల్దో కోసెంగ్ మనస్సొ. పుక్ ష్విఒ, చల్ జా.' ఈ వరసలో చెప్పి చూడండి. 'పుక్ ష్విఒ' అంటే హాయిగా, పూర్తిగా విశ్రాంతి తీసుకో అని. ఒంట్లో బాగాలేని రోజు 'పుక్ జా' అనండి, గాఢంగా నిద్రపో అని. రోజూ ఈ నాలుగు మాటలూ అనాల్సిన పని లేదు. ఆ అమ్మాయి ముఖంలో అలసట కనిపించిన రోజున అనండి.

ఇప్పుడు మనవడి దగ్గరకు వద్దాం. మాటలు ఎక్కువగా ఉన్నదీ, మీరు హాయిగా ఆడుకోగలిగిందీ ఇక్కడే.

మనం పిల్లలను 'పడుకో' అనం, 'బజ్జో' అంటాం. దానికి సరిజోడు 'ఖో జా'. పసిపిల్లలు ఒళ్లు తెలియకుండా నిద్రపోవడాన్ని 'ఖో' అంటారు. దీన్ని సాగదీసి 'ఖోఓ జా' అనాలి. పెద్దవాళ్లలో ప్రేమికులు కూడా ముద్దుకు ఒకరితో ఒకరు ఇలా అనుకుంటారు కానీ, అసలు చోటు పిల్లల పక్కే. నాలుగేళ్ల పిల్లాడికి ఇది సరిగ్గా సరిపోతుంది. ఇంకో మూడు నాలుగేళ్లు పోతే 'నేను పెద్దవాడిని' అని వాడే వద్దంటాడు, అప్పుడు 'చల్ జా'కు మారవచ్చు.

పిల్లాడిని పిలిచే మాట కూడా కావాలి కదా. మీ వియ్యపురాలు వాడిని 'ఊరి గాంగాజి' అనడం ఎప్పుడైనా విన్నారా? కొరియన్ బామ్మలకు ఇది చాలా ఇష్టమైన పిలుపు. 'గాంగాజి' అంటే కుక్కపిల్ల. మన చెవికి కుక్క అంటే తిట్టులా వినిపిస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను, అక్కడ అది పూర్తిగా మురిపెం. 'ఊరి' అంటే మా. మనం 'మా అమ్మ, మా ఇల్లు, మా వాడు' అన్నట్టే వాళ్లూ నా అనకుండా మా అంటారు. కాబట్టి 'ఖో జా, ఊరి గాంగాజి' అంటే 'బజ్జో మా చిట్టితండ్రీ' అన్నట్టు. ఆ కుక్కపిల్ల మాట మీ నోటికి రాకపోతే ఇబ్బందేమీ లేదు, 'ఖో జా, చిట్టితండ్రీ' అనండి. వాడికి రెండూ తెలియాలి.

వియ్యపురాలిది బూసాన్ అన్నారు కాబట్టి ఆవిడ నోట 'చల్ జారెయి' అని వినిపించవచ్చు. అది ఆగ్నేయాన ఉన్న గ్యొంగ్సాంగ్ ప్రాంతపు యాస. తెలంగాణలో 'పండుకో' అన్నట్టు, అదీ 'చల్ జా' లాంటిదే. మీరు వాడక్కర్లేదు కానీ, వింటే గుర్తుపట్టండి.

నిజానికి కొరియన్ అమ్మలు, బామ్మలు పిల్లలకు గుడ్‌నైట్ కన్నా ఎక్కువగా చెప్పేవి జాగ్రత్తలు. 'ఇబుల్ జల్ దొప్కో జా.' అంటే 'దుప్పటి బాగా కప్పుకుని పడుకో.' 'ఇబుల్' అంటే వాళ్ల మందపాటి దుప్పటి. అక్కడ చలి మీకు తెలిసిందే, జనవరిలో సువన్‌లో రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందికి పడిపోతుంది. ఇళ్లల్లో నేల కింద నుంచి వేడి వచ్చే 'ఒందోల్' ఏర్పాటు ఉంటుంది కాబట్టి గది వెచ్చగానే ఉంటుంది, అయినా ఈ మాట మానరు. ఎండాకాలంలోనూ మానరు, కనీసం పొట్ట మీదైనా కప్పుకోమంటారు. ఈ వాక్యం మీరు తప్పకుండా నేర్చుకోండి. పిల్లాడికే కాదు, మీ అబ్బాయికీ చెప్పొచ్చు. కోడలు పక్కనుండి వింటుంది, అచ్చం మా అమ్మలాగే అన్నారే అనుకుంటుంది.

ఎండాకాలంలో వియ్యపురాలు 'ఫ్యాన్ ఆపి పడుకో' అని పిల్లాడికి చెప్పడం వింటే కంగారుపడకండి. తలుపులు, కిటికీలు మూసిన గదిలో రాత్రంతా ఫ్యాన్ వేసుకుని పడుకుంటే ప్రాణానికి ప్రమాదమన్న నమ్మకం కొరియాలో చాలాకాలం నుంచి ఉంది. అక్కడ అమ్మే ఫ్యాన్లకు టైమర్ ఉండడం మామూలు విషయం. కుర్రవాళ్లు ఇప్పుడు దాన్ని అంతగా పట్టించుకోరు, పెద్దవాళ్లకు మాత్రం ఆ పట్టింపు ఉంది. మే నెలలో తెనాలిలో ఫ్యాన్ లేకుండా పడుకోవడం మన ఊహకు కూడా అందదు. కానీ దీని మీద ఆవిడతో వాదన పెట్టుకోకండి, ఆ మాటలో ఉన్నది పిల్లాడి మీద బెంగే.

కలల మాట ఒకటుంది. 'చోఉన్ క్కుమ్ క్క్వొ', మంచి కలలు కను అని. మనవడికి, కోడలికి ఇద్దరికీ చెప్పొచ్చు. దీనికి దగ్గరగా ఉండే 'నే క్కుమ్ క్క్వొ' కూడా మీరు సీరియల్స్‌లో విని ఉంటారు. నన్ను కలలో చూడు అని దాని భావం. అది ప్రేమికులు, కొత్తగా పెళ్లయినవాళ్లు చెప్పుకునేది. మీ అబ్బాయి భార్యతో అంటే అందంగా ఉంటుంది, మీరు కోడలితో అంటే ఆ అమ్మాయికి ఏమనాలో తోచదు. మనవడితో సరదాకి అనవచ్చు. ఇంకా చివరలో 'ప్పోప్పో' అని బుగ్గ చూపించండి, ఫోన్ మీద ముద్దు పెట్టేస్తాడు. ముద్దు అనడానికి పిల్లల మాట అది.

సీరియల్స్ చూసి నేర్చుకునేవాళ్లు అందరూ గుర్తుంచుకోవాల్సింది ఇదే. అక్కడ రాత్రిపూట మాటలన్నీ ఎక్కువగా ప్రేమజంటల మధ్యే నడుస్తాయి. అవి తప్పు మాటలు కావు, ఇద్దరు కుర్రవాళ్ల మధ్య చనువుకు తగినవి. ఉదాహరణకు 'చాని?' అన్న చిన్న మెసేజ్. 'పడుకున్నావా?' అని అడగడమే. అమ్మ కూతురిని అడిగితే ఏమీ లేదు. కానీ అర్ధరాత్రి దాటాక ఫోన్‌లో ఈ ఒక్క మాట వచ్చిందంటే, విడిపోయిన ప్రియుడో ప్రియురాలో పాత బెంగతో పంపారని కొరియాలో అందరికీ అర్థమైపోతుంది. 'క్కుల్‌జమ్ జా' అని ఇంకోటి వింటారు, తేనెలాంటి తియ్యని నిద్రపో అని. కుర్రకారు మాట, ముద్దుగానే ఉంటుంది, కోడలితో మీరు అంటే సంబరపడుతుంది. ఇంగ్లిష్ గుడ్‌కు రాత్రి అనే కొరియన్ మాట కలిపి 'కుత్‌బామ్' అని కూడా మెసేజ్‌లు పెట్టుకుంటారు. అది మీకు అక్కర్లేదు.

మాటలు ఎన్ని నేర్చుకున్నా, చెప్పే సమయం కుదరకపోతే లాభం లేదు. కొరియా మనకన్నా 3 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. అమెరికాలోలా ఎండాకాలానికి గడియారం మార్చే పద్ధతి ఇప్పుడు అక్కడ లేదు కాబట్టి ఏడాది పొడుగునా ఇదే తేడా. పిల్లాడు రాత్రి 9 గంటలకు పడుకుంటాడనుకుంటే, తెనాలిలో సాయంత్రం 5:30. మీరు వంటా భోజనాలు ముగించుకుని 8:30కు తీరిగ్గా ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి 12 అవుతుంది. కాబట్టి వాడికి గుడ్‌నైట్ చెప్పాలంటే ఎండ ఉండగానే చెప్పాలి. వియ్యపురాలు కూడా ఆ వేళలో ఉంటే, మీకింకా సాయంత్రమే అని తెలిసి 'చొన్యొక్ మషిత్‌క్కే తుసెయో' అనవచ్చు. రాత్రి భోజనం రుచిగా చేయండి అని. దానికి మీరు 'నే' అని తల వంచి, 'సబుయిన్, అన్న్యొంగి జుముసెయో' అనండి.

పలికే తీరు గురించి రెండు ముక్కలు. తెలుగువాళ్లకు కొరియన్ నోరు తిరగడం కొంత సులువే. వాళ్ల భాషలో మామూలు క, ఒత్తి పలికే క్క, గాలి వదిలే ఖ మూడూ వేరు వేరు. మనకు ఆ మూడూ చిన్నప్పటి నుంచీ తెలుసు. 'ఖో జా'లో ఖ సరిగ్గా ఖరములో ఖ లాగా పలకండి. 'క్కుమ్' అన్నప్పుడు అక్కలో క్క లాగా బిగించండి. 'పుక్ జా'లో మొదటి అక్షరానికి గాలి వదలాలి కానీ కాఫీలో ఫీ లాగా పెదవికి పళ్లు తగలకూడదు. 'చల్ జా' మొదటి అక్షరం మన చ, జ రెండింటికీ నడుమ ఉంటుంది. అందుకే ఒకరు చల్ అని, ఒకరు జల్ అని రాస్తారు. రెండో చోట మాత్రం స్పష్టంగా జా అనండి. అక్కడ గా అన్నారంటే 'చల్ గా' అవుతుంది, అది 'వెళ్లిరా' అని సాగనంపే మాట. ఒక్క అక్షరం తేడా కాబట్టి మొదట్లో చాలామందికి తారుమారవుతుంది. కొరియన్‌లో మనకు లేని అచ్చు ఒకటి అ, ఒలకు మధ్య ఉంటుంది, 'అన్న్యొంగ్'లో వచ్చేది అదే. దాన్ని రాసి చెప్పడం కన్నా కోడలి నోట రెండుసార్లు విని పట్టుకోవడం మేలు. మీ అబ్బాయిని కాదు, కోడలినే అడగండి. నేర్పించమని అత్తగారు అడగడం ఆ అమ్మాయికి ఎంత సంతోషమో మీకే తెలుస్తుంది.

దీనితో పాటు ఒక కోరిక. ఇవన్నీ నేర్చుకునే ఉత్సాహంలో మన 'బజ్జో'ను వదిలేయకండి. పిల్లాడు రోజంతా కొరియన్ వింటూనే ఉంటాడు, తెలుగు వినేది వాళ్ల నాన్న దగ్గర, మీ దగ్గర మాత్రమే. ముందు 'బజ్జో నాన్నా' అని, వెంటనే 'ఖో జా' అనండి. కొన్నాళ్లకు వాడే మీకు తెలుగులో బదులు చెబుతాడు. నానమ్మ, అమ్మమ్మ ఇద్దరూ వేరని మనలాగే వాళ్ల భాషలోనూ ఉంది, మీరు 'చిన్‌హల్మొని', బూసాన్ ఆవిడ 'వెహల్మొని'. అయితే పిలిచేటప్పుడు ఇద్దరినీ 'హల్మొని' అనే అంటారు. వాడి చేత మిమ్మల్ని 'నానమ్మ' అనిపించుకుంటే ఆ తికమక కూడా ఉండదు. రాత్రి వాడు మీకు చెప్పాల్సింది 'హల్మొని, అన్న్యొంగి జుముసెయో'. తల వంచి ఈ మాట అనడం అక్కడి పిల్లలకు చిన్నప్పుడే నేర్పిస్తారు. దానికి బదులుగా 'నానమ్మా, పడుకో' అని వాడు తెలుగులో అంటే, అది మర్యాద తక్కువేమీ కాదని కోడలికి ఒకసారి వివరించండి. మన ఇళ్లల్లో పిల్లలు నానమ్మను నువ్వు అనే పిలుస్తారని తెలియకపోతే ఆ అమ్మాయి కంగారుపడి పిల్లాడిని మందలించే అవకాశం ఉంది.

చివరిగా పొద్దున మెసేజ్. మీరు ఆ మాటలు రాయలేదు కానీ, అది దాదాపుగా 'ఒమొనిమ్, అన్న్యొంగి జుముషొస్సొయో?' అయి ఉంటుంది. 'అత్తయ్యా, ప్రశాంతంగా నిద్రపోయారా?' అని. ఇంట్లో పెద్దవాళ్లకు కొరియన్లు చెప్పే గుడ్‌మార్నింగ్ ఇదే. సాయంత్రం తల్లిదండ్రులకు పక్క సిద్ధం చేసి, తెల్లవారగానే వెళ్లి ఎలా ఉన్నారో కనుక్కోవాలన్నది పాత చైనా గ్రంథాల నుంచి కొరియాకు వచ్చిన ధర్మం. దాన్ని నాలుగు అక్షరాల్లో 'హోంజొంగ్ సిన్‌సొంగ్' అంటారు. ఇప్పుడు పక్కలు వేసేవాళ్లు లేరు, ఉదయం పలకరింపు మాత్రం నిలిచింది. మీరు 6 గంటలకు లేచేసరికి మెసేజ్ వస్తోందంటే అక్కడ 9:30. ఆఫీసు పనిలో పడ్డాక కూడా మీరు లేచే వేళను లెక్కగట్టి పంపుతోందని అర్థం. దాన్ని ఊరికే చూసి వదిలేయకండి. ముఖ్యంగా అది కకావోటాక్‌లో వస్తుంటే. 2010లో వచ్చిన ఆ యాప్ కొరియాలో దాదాపు అందరి ఫోన్లలోనూ ఉంటుంది. మనం చదవనంతసేపూ మెసేజ్ పక్కన 1 అనే అంకె ఉంటుంది, చదవగానే పోతుంది. అంకె పోయిందీ, జవాబు రాలేదూ అంటే పంపినవాళ్లకు కాస్త చిన్నబోయినట్టు ఉంటుంది.

జవాబు చాలా చిన్నది. 'కురె, చల్ జస్సొ. నొదో చల్ జస్సొ?' అంటే 'ఆఁ, బాగా పడుకున్నాను. నువ్వూ బాగా పడుకున్నావా?' ఇక్కడా మీ గురించి చెప్పుకునేటప్పుడు మామూలు క్రియే, కోడలిని అడిగేటప్పుడూ మామూలు క్రియే. కొరియన్ కీబోర్డులో ఈ వాక్యాన్ని ఒకసారి మీ అబ్బాయి చేత టైప్ చేయించుకుని దాచుకోండి, రోజూ అదే కాపీ చేసి పంపవచ్చు. చివర ఫుల్‌స్టాప్ తీసేసి, అలలా ఉండే ఈ గుర్తు ~ పెట్టమనండి. మెసేజ్‌లలో ఫుల్‌స్టాప్ ముక్తసరిగా అనిపిస్తుందని అక్కడ చాలామంది అంటారు, ఈ గుర్తు పెడితే గొంతు సాగదీసి ప్రేమగా అన్నట్టు ఉంటుంది. వియ్యపురాలు ఎప్పుడైనా పొద్దున లైన్లోకి వస్తే మాత్రం 'చల్ జస్సొ' కాదు, 'సబుయిన్, అన్న్యొంగి జుముషొస్సొయో?' అని అడగండి.